వీడియో గేమ్‌ల వాణిజ్య ప్రదర్శనలు: ఫలక్‌నుమాకు దక్కవలసిన వాటా

(ప్రత్యేక వ్యాసం)

ఫలక్‌నుమా (హైదరాబాద్): అతిథులను ఆదరించడం హైదరాబాద్ నగరానికి తరతరాలుగా వస్తున్న సంప్రదాయం. పాయెగా వంశానికి చెందిన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో నిర్మాణం ప్రారంభించిన ఫలక్‌నుమా ప్యాలెస్, అనంతర కాలంలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అధీనంలోకి వచ్చి, ప్రముఖ అతిథులకు విడిదిగా ప్రసిద్ధి పొందింది. 2017 నవంబరు 28న హైదరాబాద్ అంతర్జాతీయ సమావేశ కేంద్రం (హెచ్‌ఐసీసీ)లో ప్రపంచ పారిశ్రామికవేత్తల శిఖరాగ్ర సదస్సు ప్రారంభమైన నాటి రాత్రి ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, అమెరికా ప్రతినిధి బృందానికి నాయకత్వం వహించిన ఇవాంకా ట్రంప్ పాల్గొన్న విందు ఈ ప్యాలెస్‌లోనే జరిగిన విషయం విదితమే. సదస్సు మాదాపూర్ వైపున, విందు పాతబస్తీ కొండపైన జరిగాయి. ఈ రెంటి మధ్య రోడ్డు మార్గం ఇరవై కిలోమీటర్లకు పైమాటే.

ఈ దూరం కేవలం రాకపోకలకు సంబంధించినది కాదు. నగరంలో జరిగే అంతర్జాతీయ సమావేశాల ప్రయోజనం సమావేశ మందిరం గేటు వద్దనే ఆగిపోతున్నదా, లేక ఆ నగరంలోనే నివసించే యువత వరకు చేరుతున్నదా అన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉంది. వీడియో గేమ్‌ల రంగంలో ఈ ప్రశ్నకు ప్రస్తుతం ప్రత్యేక ప్రాధాన్యం ఏర్పడింది. దేశంలో గేమ్ తయారీదారుల ప్రధాన సమావేశమైన ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ (ఐజీడీసీ) 2022, 2023, 2024 సంవత్సరాలలో వరుసగా హెచ్‌ఐసీసీలో జరిగింది. 2025 నవంబరులో మాత్రం అది చెన్నై ట్రేడ్ సెంటర్‌లో జరిగింది. ఇటువంటి ప్రదర్శనల విలువ ఏమిటి, అవి ఒక నగరానికి ఏమి ఇస్తాయి, ఏమి ఇవ్వవు అన్న అంశాలను నిశితంగా పరిశీలించవలసిన సమయమిది.

ప్రదర్శన వేరు, ఉత్సవం వేరు

గేమింగ్‌కు సంబంధించిన బహిరంగ కార్యక్రమాలన్నింటినీ ఒకే గాటన కట్టడం పత్రికలలోనూ, కార్యాలయ దస్త్రాలలోనూ తరచుగా కనిపించే పొరపాటు. వాస్తవానికి ఇవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ఆడేవారి కోసం జరిగే ఉత్సవం. ఇక్కడ టికెట్టు కొనుక్కున్న యువకులు కొత్త ఆటలను ఆడి చూస్తారు, ఈ-స్పోర్ట్స్ పోటీలను తిలకిస్తారు, తమకు నచ్చిన పాత్రల వేషాలు ధరించి వస్తారు. రెండవది తయారుచేసేవారి కోసం జరిగే వాణిజ్య సమావేశం. ఇక్కడ స్టూడియోల యజమానులు, చిత్రకారులు, ప్రోగ్రామర్లు, పెట్టుబడిదారులు, పబ్లిషర్లు కలుసుకుంటారు.

2024 నవంబరులో హైదరాబాద్ ఈ రెండింటినీ ఒకే వారంలో చూసింది. నవంబరు 13 నుంచి 15 వరకు హెచ్‌ఐసీసీలో ఐజీడీసీ జరుగగా, ఆ వారాంతంలోనే పక్కనే ఉన్న హైటెక్స్ ప్రాంగణంలో డ్రీమ్‌హ్యాక్ ఇండియా గేమింగ్ ఉత్సవం, కామిక్ కాన్ జరిగాయి. ఫోటోలలో, టీవీ దృశ్యాలలో సహజంగానే రెండవదానికి ఎక్కువ చోటు లభిస్తుంది. రంగురంగుల వేషాలు, పెద్ద తెరలు, కేరింతలు అక్కడే ఉంటాయి. ఉపాధికి, పెట్టుబడికి సంబంధించిన అసలు వ్యవహారం మాత్రం మొదటిదానిలో, చిన్న బల్లకు ఇరువైపులా కూర్చున్న ఇద్దరు మనుషుల మధ్య జరుగుతుంది.

ఆ వ్యవహారం జరిగే తీరు తెలుసుకోదగినది. ఒక చిన్న స్టూడియో తాను తయారుచేస్తున్న ఆటలో కొద్ది నిమిషాలపాటు ఆడదగిన భాగాన్ని సిద్ధం చేసుకుని వస్తుంది. ముందుగా నిర్ణయించుకున్న అరగంట వ్యవధిలో దానిని పబ్లిషర్‌కు చూపుతుంది. ఆట నచ్చితే మిగిలిన తయారీకి అయ్యే ఖర్చు, విడుదల, ప్రచారం, అనువాదం వంటి బాధ్యతలపై చర్చలు మొదలవుతాయి. అక్కడికక్కడే ఒప్పందం కుదరడం అరుదు. పరిచయం నుంచి సంతకం వరకు నెలలు పడుతుంది. మరొక వరుసలో విదేశీ సంస్థలు తమ ఆటలకు అవసరమైన బొమ్మలు, యానిమేషన్, పరీక్ష వంటి పనులను అప్పగించడానికి తగిన స్టూడియోల కోసం వెదుకుతాయి. ఇంకొక వరుసలో విద్యార్థులు తమ పనితనాన్ని సీనియర్లకు చూపి ఉద్యోగానికి దారి వెదుక్కుంటారు. ఈ మూడు వరుసలే వాణిజ్య ప్రదర్శనకు ప్రాణం.

పబ్లిషర్ అండ ఎంత కీలకమో పుణేకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ అనుభవం తెలియజేస్తుంది. ఆ సంస్థ రూపొందించిన ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ అనే ఆటకు 2017లో ఇంటర్నెట్ ద్వారా చేపట్టిన నిధుల సేకరణ లక్ష్యాన్ని చేరలేదు. అనంతరం పబ్లిషర్ లభించడంతో 2020లో విడుదలై, అదే సంవత్సరం అంతర్జాతీయ గేమ్ అవార్డులలో తొలి స్వతంత్ర ఆటల విభాగంలో నామినేషన్ పొందింది. భారతీయ పురాణ నేపథ్యంతో భారతీయులు తయారుచేసిన ఆట ఆ స్థాయికి చేరడం గమనార్హం.

ప్రపంచ అనుభవం చెప్పేదేమిటి?

గేమ్ తయారీదారుల సమావేశాలకు మూలం ఒక ఇంటి ముందుగది. 1988లో అమెరికాలోని శాన్ హోసే నగరంలో క్రిస్ క్రాఫర్డ్ అనే గేమ్ రూపకర్త తన ఇంట్లో సుమారు 27 మందిని సమావేశపరిచారు. అదే నేడు శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగే గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ (జీడీసీ)గా ఎదిగింది. ఇటీవలి సంవత్సరాలలో దీనికి దాదాపు 30 వేల మంది హాజరయ్యారు. ఇంటి ముందుగదిలో మొదలైన నాటి ఉద్దేశం, అంటే తోటి పనివారితో పని గురించి మాట్లాడుకోవడం, ఇప్పటికీ దాని కేంద్రంగానే ఉన్నది.

దీనికి భిన్నమైన చరిత్ర లాస్ ఏంజెలెస్‌లో 1995 మే నెలలో ప్రారంభమైన ఎలక్ట్రానిక్ ఎంటర్‌టైన్‌మెంట్ ఎక్స్‌పో (ఈ3)ది. అంతకుముందు గేమ్ సంస్థలు వినియోగదారుల ఎలక్ట్రానిక్ వస్తువుల ప్రదర్శనలో టీవీలు, టేప్ రికార్డర్ల వెనుక ఒక మూల సర్దుకోవలసి వచ్చేది. తమకంటూ ఒక వేదిక కావాలన్న పట్టుదలతో పరిశ్రమ ఈ3ని ఏర్పాటు చేసుకున్నది. తొలి ప్రదర్శనలోనే సెగా సంస్థ తన సాటర్న్ యంత్రాన్ని 399 డాలర్ల ధరతో ప్రకటించగా, అదే రోజు సోనీ ప్రతినిధి వేదిక ఎక్కి ప్లేస్టేషన్ ధర 299 డాలర్లని ప్రకటించి దిగిపోయారు. ఒక సంఖ్య ఆనాటి పోటీ గమనాన్ని మార్చివేసింది. కొనుగోలుదారులు, దుకాణదారులు, పత్రికలవారు ఒకే చోట ఉండడం వల్లనే ఆ ప్రకటనకు అంత బలం చేకూరింది.

ఈ3 పతనం కూడా అంతే బోధప్రదమైనది. 2006లో 60 వేల మంది హాజరైన ప్రదర్శనను, ఖర్చులు భరించలేమన్న సంస్థల ఒత్తిడితో 2007లో సుమారు 10 వేల మందికి కుదించారు. ఆ మార్పు ఎవరికీ రుచించక 2009లో తిరిగి విస్తరించారు. ఈలోగా కాలం మారింది. నింటెండో 2011 నుంచి తన ప్రకటనలను ఇంటర్నెట్ ప్రసారం ద్వారా నేరుగా వినియోగదారులకు అందించసాగింది. 2019 ప్రదర్శనకు సోనీ హాజరు కాలేదు. 2020లో కరోనా కారణంగా ప్రదర్శన రద్దయింది. 2021లో ఇంటర్నెట్‌లో మాత్రమే జరిగింది. 2022, 2023లలో మళ్లీ రద్దయి, 2023 డిసెంబరులో శాశ్వతంగా ముగిసినట్లు నిర్వాహకులు ప్రకటించారు.

ఈ3 ముగిసినంత మాత్రాన ప్రదర్శనల యుగం ముగిసిందని భావించడం సరికాదు. జర్మనీలోని కొలోన్ నగరంలో జరిగే గేమ్స్‌కామ్‌కు 2025లో 3.57 లక్షల మంది వచ్చారు. అంటే ప్రకటనల కోసం మాత్రమే నడిచిన వేదిక కనుమరుగైంది. మనుషులు కలుసుకోవడానికి, ఆడి చూడడానికి, బేరసారాలకు ఉపయోగపడిన వేదికలు నిలిచాయి. ప్రకటనను తెరపై పంపవచ్చును. నమ్మకాన్ని తెరపై పంపడం కష్టం.

ఈ ప్రదర్శనల సంస్కృతి

ప్రతి సంతకూ ఒక సంస్కృతి ఉన్నట్లే ఈ ప్రదర్శనలకూ ఉంది. అందులో మేలు, కీడు రెండూ కలిసి ఉన్నాయి. మేలైన అంశాలలో మొదట చెప్పవలసినది, తమ వైఫల్యాలను సభాముఖంగా వివరించే ఆచారం. జీడీసీ వంటి సమావేశాలలో, విడుదలైన ఆట తయారీలో ఎక్కడ లెక్క తప్పింది, ఏ నిర్ణయం ఆలస్యమైంది, ఎంత శ్రమ వృథా అయింది అన్న విషయాలను తయారీదారులే పోటీదారుల ఎదుట వివరిస్తారు. వ్యాపార రహస్యాలను గుట్టుగా దాచుకునే ఇతర పరిశ్రమలలో ఇది అరుదుగా కనిపించే గుణం. తొలి ఆట తయారుచేస్తున్న యువకుడికి ఒక విజయగాథకన్నా ఇటువంటి ఒక్క ప్రసంగం ఎక్కువ మేలు చేస్తుంది.

కీడు కూడా తక్కువేమీ కాదు. ప్రదర్శన తేదీకి అందుకోవాలన్న తొందరలో, పూర్తి ఆటలో కనిపించని మెరుగులు దిద్దిన నమూనాను చూపడం ఈ రంగంలో పాత జాడ్యం. 2005 ఈ3లో చూపిన ‘కిల్‌జోన్’ రెండవ భాగం దృశ్యాలు యంత్రంపై నడుస్తున్న ఆట కాదని, ముందుగా చిత్రించి ఉంచినవని తర్వాత తేలడం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. నమూనా కోసం రాత్రింబవళ్లు పనిచేసే సిబ్బంది అలసట స్టాలు అలంకరణలో కనిపించదు. స్టాళ్ల ముందు స్త్రీలను అలంకార వస్తువులుగా నిలబెట్టే పద్ధతి కూడా చాలాకాలం సాగింది. 2006లో ఈ3 నిర్వాహకులు అసభ్య వస్త్రధారణపై 5,000 డాలర్ల జరిమానా నిబంధనను కఠినంగా అమలు చేయవలసి వచ్చింది. ఒక రంగం స్త్రీలను స్టాలు ముందు నిలబెడుతున్నదా, లేక స్టాలు యజమానిగా కూర్చోబెడుతున్నదా అన్నదే ఆ రంగం పరిణతికి కొలమానం.

హైదరాబాద్ ప్రస్థానం

హైదరాబాద్‌కు ఈ రంగంలో పునాది బలంగానే ఉంది. 2003లో హైటెక్స్ ప్రదర్శన ప్రాంగణం, 2006లో హెచ్‌ఐసీసీ అందుబాటులోకి రావడంతో పెద్ద సమావేశాలకు వసతి ఏర్పడింది. 2001లో ఇక్కడ ప్రారంభమైన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ సృష్టించిన ‘ఛోటా భీమ్’ 2008 నుంచి టీవీలో ప్రసారమై దేశమంతటా పిల్లల అభిమానం చూరగొన్నది. అంతర్జాతీయ సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఇక్కడ స్టూడియో నిర్వహిస్తున్నది. హైదరాబాద్‌లో రూపుదిద్దుకున్న ‘హిట్‌వికెట్ సూపర్‌స్టార్స్’ క్రికెట్ ఆట 2020లో కేంద్ర ప్రభుత్వం నిర్వహించిన ఆత్మనిర్భర్ భారత్ యాప్ పోటీలో ఆటల విభాగంలో ప్రథమ స్థానం పొందింది.

విధానపరంగా చూస్తే, తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్, వినోద రంగాల కోసం ‘ఇమేజ్’ విధానాన్ని ప్రకటించింది. 2017 నవంబరులో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన జరిగింది. 2019 నవంబరులో స్థానిక పరిశ్రమ సంఘం భాగస్వామ్యంతో ‘ఇండియాజాయ్’ పేరిట యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్, గేమింగ్ కార్యక్రమాలు ఒకే గొడుగు కింద జరిగాయి.

అయితే ఇతర రాష్ట్రాలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. కర్ణాటక 2012లోనే ఈ రంగానికి ప్రత్యేక విధానం తెచ్చి, 2024లో దానిని నవీకరించింది. బెంగళూరులో గాఫ్‌ఎక్స్ పేరిట వార్షిక సదస్సు జరుగుతున్నది. మహారాష్ట్ర మంత్రిమండలి 2025 సెప్టెంబరులో తన విధానాన్ని ఆమోదించింది. కేంద్ర ప్రభుత్వం 2025 మే 1 నుంచి 4 వరకు ముంబైలో ‘వేవ్స్’ శిఖరాగ్ర సదస్సును నిర్వహించింది. ఈ క్రమంలోనే ఐజీడీసీ 2025లో చెన్నైకి వెళ్లింది.

దీనిని పరాభవంగా చూడనవసరం లేదు, తేలికగా తీసుకోనూ కూడదు. ఇందుకు జర్మనీలోని లైప్జిగ్ నగరం అనుభవం పాఠం కాగలదు. 2002లో అక్కడ మొదలైన గేమ్స్ కన్వెన్షన్‌కు 2008 నాటికి రెండు లక్షల మందికి పైగా వచ్చేవారు. ప్రదర్శన విజయవంతంగా సాగుతుండగానే పరిశ్రమ సంఘం తన మద్దతును కొలోన్‌కు మార్చుకున్నది. 2009లో గేమ్స్‌కామ్ ప్రారంభమైన తొలి ఏడాదే 2.45 లక్షల మంది హాజరయ్యారు. లైప్జిగ్‌లో భవనాలు ఉన్నాయి, జనం ఉన్నారు. ప్రదర్శన మాత్రం వెళ్లిపోయింది. ప్రదర్శన నగరానికి అతిథి వంటిది. అది వెళ్లిన తర్వాత నగరంలో ఏమి మిగిలింది అన్నదే అసలు లెక్క.

నుమాయిష్ నేర్పిన పాఠం

మిగిలేదేమిటి అన్న ప్రశ్నకు సమాధానం కోసం విదేశాల వైపు చూడనక్కరలేదు. అది నాంపల్లిలోనే ఉంది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘం చొరవతో పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక ఉత్పత్తుల ప్రదర్శనగా నుమాయిష్ మొదలైంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానిని ప్రారంభించారు. నాడు సుమారు 100 స్టాళ్లు ఉండేవి. సంస్థానంలో తయారయ్యే వస్తువులను ప్రజలకు పరిచయం చేయడం దాని ఉద్దేశం. 1946లో నాంపల్లి ప్రాంగణానికి మారి, 1947, 1948 సంవత్సరాలలో ఆగి, 1949లో తిరిగి ప్రారంభమై, అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనగా విస్తరించింది.

నుమాయిష్ విశిష్టత సందర్శకుల సంఖ్యలో మాత్రమే లేదు. ప్రదర్శన ద్వారా వచ్చిన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను స్థాపించి నడుపుతున్నది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కస్తూర్బా గాంధీ మహిళా కళాశాల వంటివి ఆ విధంగా వెలసినవే. జనవరిలో సందర్శకుడు కొన్న టికెట్టు సొమ్ము ఆ తర్వాత ఒక విద్యార్థిని తరగతి గదికి చేరుతుంది. పాతబస్తీ కుటుంబాలు బిడ్డలతో సహా ఏటా తరలివెళ్లే ప్రదర్శన కూడా ఇదే. స్థానిక తయారీ, సామాన్యుల ప్రవేశం, విద్యకు ఆదాయం అనే మూడు సూత్రాలు కలిసినందువల్లనే అది ఎనిమిది దశాబ్దాలు దాటి నిలిచింది. గేమింగ్ ప్రదర్శనలకు ఈ మూడు సూత్రాలు వర్తించవని చెప్పడానికి కారణమేదీ కనిపించదు.

ఆట వేరు, పందెం వేరు

ఈ రంగంపై తల్లిదండ్రులలో ఉన్న అనుమానానికి ముఖ్య కారణం డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలు. అప్పుల పాలైన కుటుంబాల వార్తలు చదివినవారికి ‘గేమింగ్’ అన్న మాట వినగానే భయం కలగడం సహజం. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టానికి సవరణ తెచ్చి ఆన్‌లైన్ డబ్బు పందేలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే మార్గం అనుసరించింది. పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం దేశమంతటికీ వర్తించే విధంగా డబ్బు ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను, డబ్బుతో సంబంధం లేని ఆటలను ప్రోత్సహించవలసినవిగా గుర్తించింది.

ఈ చట్టం ప్రభావం ప్రదర్శనలపైనా ఉంటుంది. డబ్బు ఆటల సంస్థలు ప్రకటనలకు, ప్రాయోజనానికి పెద్ద మొత్తాలు వెచ్చించిన కాలం అది. చట్టం వచ్చిన వెంటనే భారత క్రికెట్ జట్టు ప్రధాన ప్రాయోజక ఒప్పందమే ముగిసిపోయింది. ఆ ఆసరా లేకుండా గేమింగ్ వేదికలు తమ కాళ్లపై తాము నిలబడవలసి ఉంటుంది. ఇది తాత్కాలికంగా ఇబ్బంది కలిగించినా, తయారీదారుడికీ పందెం నిర్వాహకుడికీ మధ్య గీత స్పష్టం కావడం దీర్ఘకాలంలో మేలే చేస్తుంది. పాతబస్తీలో ఒక తండ్రి తన కుమార్తెను గేమ్ డిజైన్ కోర్సులో చేర్చడానికి అంగీకరించాలంటే, ముందుగా ఈ గీత ఆయనకు కనిపించాలి. దానిని వివరించవలసిన బాధ్యత అధికార యంత్రాంగంతోపాటు పత్రికలపైనా ఉన్నది.

ఫలక్‌నుమా నుంచి చూస్తే

హైదరాబాద్ మెట్రో ఆకుపచ్చ మార్గం 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ వరకు ప్రారంభమై అక్కడితో ఆగింది. అక్కడి నుంచి ఫలక్‌నుమా వరకు 5.5 కిలోమీటర్ల భాగం తొలి దశలో పూర్తి కాలేదు. ఈ పాతబస్తీ మార్గానికి 2024 మార్చి 8న ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి ఫలక్‌నుమా సమీపంలోని ఫారూఖ్‌నగర్ వద్ద శంకుస్థాపన చేశారు. ఫలక్‌నుమా స్టేషన్ నుంచి కాచిగూడ, సికింద్రాబాద్, బేగంపేట మీదుగా హైటెక్ సిటీ స్టేషన్‌కు ఎంఎంటీఎస్ రైలు మార్గం ఉంది. అంటే ప్రదర్శన స్థలానికి చేరే పట్టాలు ఇప్పటికే ఉన్నాయి. లేనిది పిలుపు మాత్రమే.

వాణిజ్య సమావేశాల ప్రవేశ రుసుము కంపెనీ ఖర్చుతో వచ్చేవారిని దృష్టిలో ఉంచుకుని నిర్ణయించేది. ప్రభుత్వ కళాశాలలో చదివే విద్యార్థికి అది భారమే. రుసుము కన్నా పెద్ద అడ్డంకి మరొకటి ఉంది. ఈ రంగంలో ఉద్యోగాలు ఉన్నాయని, ప్రోగ్రామింగ్ రానివారికి కూడా చిత్రలేఖనం, కథారచన, సంగీతం, పరీక్ష, అనువాదం వంటి పనులు ఉంటాయని చాలామందికి తెలియదు. గేమ్ తయారీలో చేతి నైపుణ్యానికి, అలంకరణ దృష్టికి పెద్ద పీట ఉంటుంది. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. రంగుల పొందికను, రాళ్ల అమరికను చిన్ననాటి నుంచి ఇంట్లో చూస్తూ పెరిగిన యువతకు తెరపై ఆభరణాన్ని, భవనాన్ని, వస్త్రాన్ని రూపొందించే పని పరాయిది కానేరదు. అందుకు శిక్షణ అవసరం. మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ కోర్సు ఉన్న సంగతి పాతబస్తీ కళాశాలలలో విస్తృతంగా ప్రచారం కావలసి ఉంది.

భాష మరొక అవకాశం. ఈ ప్రాంతపు యువత ఉర్దూ, తెలుగు, హిందీలను సహజంగా మార్చి మార్చి మాట్లాడగలరు. భారతీయ భాషలలో ఆటలు విడుదల చేయదలచిన సంస్థలకు సంభాషణల అనువాదం, కంఠదానం, ఆడి లోపాలు గుర్తించే పని కోసం ఇటువంటివారే కావాలి. ప్రదర్శనకు ఒకరోజు ముందు పాతబస్తీలోని ఒక కళాశాల ప్రాంగణంలో స్టూడియోలు తమ అసంపూర్తి ఆటలను తీసుకువచ్చి స్థానిక విద్యార్థులచేత ఆడించి చూస్తే, సంస్థలకు నిజమైన అభిప్రాయాలు లభిస్తాయి, విద్యార్థులకు పరిచయాలు ఏర్పడతాయి. దీనికి కొత్త భవనం గానీ, భారీ వ్యయం గానీ అవసరం లేదు. ప్రభుత్వ సహాయం పొందే ప్రతి గేమింగ్ సమావేశంలో ప్రభుత్వ కళాశాలల విద్యార్థులకు నిర్ణీత సంఖ్యలో ఉచిత ప్రవేశాలు కేటాయించాలన్న షరతు, వాటిలో విద్యార్థినులకు తగిన వాటా కల్పించడం కూడా పరిశీలించదగిన అంశాలు.

లెక్కించవలసినది ఏమిటి?

ఇటువంటి కార్యక్రమాలు ముగిసిన రోజున సాధారణంగా రెండు సంఖ్యలు వెలువడతాయి. ఒకటి సందర్శకుల సంఖ్య, రెండవది కుదిరిన అవగాహన ఒప్పందాల సంఖ్య. మొదటిది ఉత్సాహాన్ని సూచిస్తుంది, రెండవది ఉద్దేశాన్ని సూచిస్తుంది. ఫలితాన్ని ఈ రెండూ సూచించవు. అవగాహన ఒప్పందం పెళ్లిచూపుల వంటిది. తాంబూలాలు పుచ్చుకున్నారా, ముహూర్తం పెట్టుకున్నారా అన్నది ఆ తర్వాత తెలుసుకోవలసిన విషయం.

ప్రదర్శన ముగిసిన ఆరు నెలలకు, తిరిగి సంవత్సరానికి అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. స్థానిక స్టూడియోలలో ఎన్నింటికి పబ్లిషర్ దొరికాడు? ఎంతమంది విద్యార్థులు శిక్షణ ఉద్యోగాలలో చేరారు, వారిలో పాతబస్తీ నుంచి ఎందరు, స్త్రీలు ఎందరు? రాష్ట్రంలో తయారై విడుదలైన ఆటలు ఎన్ని, వాటి మేధో హక్కులు ఎవరి వద్ద ఉన్నాయి? చివరి ప్రశ్న అన్నింటికన్నా ముఖ్యమైనది. ఇతరుల ఆటలకు బొమ్మలు గీసి ఇచ్చే పని కూలి ఇస్తుంది. సొంత ఆట అయితే హక్కు ఇస్తుంది, ఏళ్ల తరబడి ఆదాయం ఇస్తుంది. ఈ వివరాలను సేకరించే బాధ్యతను సంబంధిత శాఖ, పరిశ్రమ సంఘం కలిసి స్వీకరిస్తే, తదుపరి సమావేశానికి ఆతిథ్యం కోరేటప్పుడు నగరం చేతిలో భవనాల జాబితాకు తోడు పనితనపు జాబితా కూడా ఉంటుంది. ఇటువంటి సమావేశాన్ని తిరిగి రప్పించడానికి రాయితీల కన్నా ఆ జాబితాయే గట్టి ఆహ్వాన పత్రిక కాగలదు.

వీడియో గేమ్‌ల ప్రపంచ విపణి విలువ పరిశ్రమ అంచనాల ప్రకారం 2024లో 18,000 కోట్ల డాలర్లను దాటింది. ఇంత పెద్ద విపణిలో ఆటలు కొనేవారిగా, ఆడేవారిగా తెలుగు రాష్ట్రాల యువత ఇప్పటికే ఉన్నారు. తయారుచేసేవారిగా వారి వాటా పెరగాలంటే తయారీదారుల మధ్య కూర్చునే అవకాశం వారికి దక్కాలి. ఫలక్‌నుమా కొండపై అతిథులకు పరచిన విందు బల్ల 101 మందికి సరిపడినదిగా పేరుపొందింది. కొండ దిగువ వీధులలోని యువతకు మాదాపూర్ సమావేశ మందిరంలో, అరగంట చర్చ జరిగే ఆ చిన్న బల్ల వద్ద, ఒక కుర్చీ లభించిన నాడు ఈ ప్రదర్శనలు నగరానికి నిజమైన లాభం చేకూర్చినట్లు భావించవచ్చు.